అవ్వ కడిగిన మెమరీ కార్డు

మా అన్న నాకు చేసిన అన్యాయాలన్నీ గుర్తున్నాయి. వాటిలో మొదటిది టీవీకి తగిలించుకునే ఆట దగ్గర జరిగింది. చిన్నప్పటి మాట. బొమ్మ పరుగెత్తాలి, గుంతలు దూకాలి. నా బొమ్మ మొదటి గుంతలోనే పడేది. పడీ పడకముందే అన్న నా చేతిలోని బటన్ల పెట్టె లాక్కునేవాడు.

"నీ వంతు అయిపాయె, జరుగు."

తన వంతు మాత్రం అమ్మ అన్నానికి పిలిచేదాకా సాగేది.

రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అన్న కొత్త ఆట యంత్రం కొనుక్కుని, పాతదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మా ఊరికి తెచ్చాడు. మాది నకిరేకల్‌కు దగ్గరి ఊరు. మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి బాపుది, ఒకటి నాది.

"పడేసుడెందుకని నీకు తెచ్చిన" అన్నాడు. ఆ మాట కూడా గుర్తుంది. యంత్రంలో ఒకే ఒక్క డిస్కు ఉంది. "గిది ముసలోళ్ల ఆట. నిద్రొస్తది" అని కూడా చెప్పిపోయాడు.

ఆ ఆటలో నలుగురు మనుషులు ఉంటారు. ఒక కత్తివాడు, ఒక విలుకాడు, మంత్రాలు తెలిసిన ఒక ముసలాయన, ఆకుపసర్లతో గాయాలు మాన్పే ఒక పిల్ల. అడవులు, గుహలు దాటుకుంటూ చివరి కోటలోని రెక్కల పాము నాగరాజును చంపాలి. దారిలో రాక్షసులు ఎదురైతే మావాళ్లు నలుగురూ ఒకవైపు, వాళ్లు ఇంకోవైపు వరసగా నిలబడతారు. అప్పుడు అంతా ఆగిపోతుంది. ఎవరితో కొట్టించాలో, ఎవరికి మందు వేయించాలో నేను చెప్పేదాకా ఎవరూ కదలరు. మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి, ఆరేసిన బట్టలు తీసి, తిరిగొచ్చి చూశాను. కొమ్ముల రాక్షసుడు నిలబడ్డ చోటే ఊపిరి పీలుస్తూ ఉన్నాడు. మా ఇంట్లో నా మాట కోసం అంతసేపు ఆగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

ఇంకోటి కూడా నచ్చింది. ఎవరు కష్టపడితే బలం వాళ్లకే పెరుగుతుంది. నేను చీరకు గీసిన నెమలి నమూనాను ఊళ్లో ఇంకొకరు తమదని చెప్పుకుని తిరిగారు. ఆ ఆటలో అలాంటివి సాగవు.

మాకు అమావాస్య నాడు మగ్గం సెలవు. కాబట్టి ఆట అమావాస్యకే. చీరల మీద నమూనాలు గీసే గ్రాఫు కాగితాల మీదే గుహల దారులు గీసుకున్నాను. మా అవ్వ పక్కన మంచంలో పడుకుని చూసేది. బాపును కన్నతల్లి ఆమె. పొరుగింటామె వస్తే చాలు, మొదలుపెట్టేది.

"మా పిల్ల అమాస అమాసకు దయ్యాలతోని కొట్లాడుతది. గెలిస్తే పెండ్లి జేస్త."

ఇద్దరూ నవ్వేవాళ్లు. నేను రెండు రోజులు అవ్వతో మాట్లాడేదాన్ని కాదు.

రెండేళ్ల అమావాస్యలు పట్టాయి. దసరాకు ముందొచ్చే పెత్తరమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మకు వెళ్లే ముందు, కోట తలుపు దాకా చేరాను. అక్కడిదాకా ఆడిందంతా మెమరీ కార్డులో దాచాను. అగ్గిపెట్టెకంటే సన్నగా ఉంటుంది ఆ కార్డు. నాగరాజు పని దీపావళి అమావాస్యకు పడదామనుకున్నాను.

మధ్యలో దసరా వచ్చింది. దసరా నాడు పనిముట్లన్నీ కడిగి, పసుపుకుంకుమలు పెట్టి పూజ చేస్తాం. పొద్దున్నే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలు, వాటిలో పెట్టే దారపు కండెలు, కత్తెర వరసగా పెట్టి ఉన్నాయి. కత్తెర పక్కన నా ఆట యంత్రం. మూత మీద బొట్టు, దాని మీద బంతిపువ్వు. ముందర మెమరీ కార్డు. దానికి మూడు వేళ్లతో పసుపు పూసి ఉంది.

"అవ్వా, గిదేంది?"

"నీ పనిముట్టు గాదానే? పూజకు పెట్టిన."

"కార్డు కడిగినవా?"

"కడగకుండ పసుపెట్ల పెడ్తరు? నాడెలకెల్లి కండె తీసినట్టు తీసిన. మంచిగ కడిగి ఎండల పెట్టిన. ఏమైందే?"

పెట్టి చూశాను. కార్డే లేదని చూపించింది టీవీ.

"రెండేండ్లు పోయినయి అవ్వా!"

"మళ్ల ఆడుకోరాదు? గంత ఫికరెందుకు?"

కావాలనే చేసిందనుకున్నాను. నవ్విన నోరే కదా. నకిరేకల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణానికి కార్డు తీసుకెళితే, అతను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"పసుపేసిండ్రు సరే, ఉప్పుకారం మర్సిపోయిండ్రా అక్కా?"

ఆ దుకాణంలోనే పాత ఖాళీ కార్డు ఒకటి దొరికింది. తెచ్చాను గాని యంత్రంలో పెట్టలేదు. గీసిన కాగితాలన్నీ పొయ్యిలో పెట్టమని అవ్వ ముందర పడేసి, మాట్లాడటం మానేశాను.

దీపావళి అమావాస్య మధ్యాహ్నం అవ్వ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏళ్లతరబడి ఆసు పోసి, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పితిప్పి, ఆమె కుడి చెయ్యి భుజం పైకి లేవదు. ఎడమ చేత్తో నా కాగితాలు తీసి చాప మీద పెట్టింది.

"పొయ్యిల పెట్టమన్నవు. పెట్టలే."

పైనున్న కాగితం మీద వేలు ఆనించింది.

"మడుగుకాడ ఎడమకు పోతే సొమ్ముల సందుగ ఉంటది. గా పచ్చ పురుగుకు నిప్పు పెట్టాలె, దానికి కత్తి ఎక్కది. అంతేనా?"

అంతే. ఒక్క ముక్క తప్పు లేదు.

"నువ్వు నవ్వుకుంట పంటివి గదా?"

"నవ్విన. సూసిన గూడ."

కొత్త కార్డు పెట్టాను. మళ్లీ మొదటి ఊరు, కత్తివాడి చేతిలో కర్రముక్క. పసర్ల పిల్ల అవ్వ వంతు అని ఒప్పందం. ఎడమ బొటనవేలితో ఒక్కో బటన్ వెతుక్కుని నొక్కేది. ఎంతసేపు వెతికినా ఆట ఏమీ అనేది కాదు. దారులు గీసి ఉన్నాయి కాబట్టి ఈసారి ఏడాది కూడా పట్టలేదు. పెత్తరమాసకు ముందటి అమావాస్య నాడు నాగరాజు ఎదురుగా నిలబడ్డాం.

నా ముగ్గురూ పడిపోయారు. పసర్ల పిల్ల ఒక్కతే మిగిలింది. అవ్వ కళ్లజోడు సర్దుకుని తెరను చూస్తూ కూర్చుంది. ఎంతకూ నొక్కదు. నా చెయ్యి దానంతటదే బటన్ల పెట్టె మీదికి వెళ్లింది.

"నా వంతు గాదా గిది?" అంది అవ్వ.

"నీ వంతే."

"అయితె జరుగు జర."

జరిగాను. నాగరాజు రెక్కలు ఆడిస్తూ ఆగి ఉన్నాడు. అవ్వ ఆలోచించి కత్తివాడికి పసరు పోసి లేపింది. నాగరాజు పసర్ల పిల్లను కొట్టాడు గాని ఆ పిల్ల పడలేదు. ఆ తర్వాత ముసలాయనను లేపింది. ఇద్దరు లేచాక పని నాకు వదిలేసింది. సాయంత్రం మల్లెచెట్టుకు నీళ్లు పోసే వేళకు నాగరాజు కూలిపోయాడు. అవ్వ బాపును పిలిచి తెర చూపించింది. అన్నకు నేనే ఫోన్ చేశాను. తను గుహల దగ్గరే వదిలేశాడట. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

పోయిన రెండేళ్లను నేను మరచిపోలేదు. అవ్వకూ ఆ సంగతి తెలుసు. ఆ దసరాకు ఆట యంత్రాన్ని మళ్లీ నాడెల పక్కన పెట్టి, కార్డును రెండు వేళ్లతో పట్టుకుని నన్ను పిలిచింది.

"పొడిబట్టతోని తుడుస్త. అంతే. వచ్చి సూడు."

వెళ్లి, తుడిచేదాకా పక్కనే నిలబడ్డాను.