ఏడో గ్లాసు కాఫీ

మొన్న శనివారం కాఫీ పుణ్యమా అని కోడూరులో మహా భక్తుణ్ణైపోయానండీ! నవ్వకండి, ముందు వినండి.

మా చెల్లి పెళ్ళి కార్డులు పంచడానికి గుడివాడ నుంచి బండి మీద దివిసీమ బయల్దేరాను. అసలు పని కోడూరులో, మా పెదనాన్న దగ్గర. నా పెళ్ళికి ఇంటికెళ్ళి పిలవకుండా కార్డు ఫోన్‌లో పంపించానని ఆరేళ్ళుగా ఆయన మాతో మాట్లాడట్లేదు. నాన్న లేరు. చర్చిలోకి పెదనాన్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలని చెల్లి పట్టు. ఆయన రాకపోతే పిల్ల ఏడుపు మొహంతో పెళ్ళి చేసుకోవాలి, నా వల్ల!

మావాళ్ళ సంగతి తెలుసుగా. కార్డిచ్చి, ప్రార్థన చేసుకుని, కాఫీ తాగందే కదలనివ్వరు. వద్దంటే, "వాళ్ళింట్లో తాగి మా ఇంట్లో వద్దంటావా?" అని మూతి ముడుస్తారు. చల్లపల్లిలో రెండిళ్ళు, మోపిదేవిలో రెండు, అవనిగడ్డలో రెండు. నేనేమో రోజుకి ఒక్క గ్లాసు మనిషిని! అవనిగడ్డ దాటేసరికి గుండె దడదడ. హ్యాండిల్ మీద చేతులు ఆగట్లేదు. మధ్యలో రెండుసార్లు బండి ఆపి చెట్ల చాటుకి పరిగెత్తాను కూడా.

భయమేసి మా ఆవిడకి ఫోన్ చేశాను. తను నర్సు.

"ఎన్ని తాగారు?"

"ఆరు."

"అది గుండెపోటు కాదండీ, కాఫీపోటు! ఒంటికి కెఫిన్ ఎక్కింది. మంచినీళ్ళు తాగండి. ఇంకో చుక్క కాఫీ ముట్టుకున్నారంటే ఊరుకోను!"

కోడూరులో గుమ్మమెక్కగానే పెద్దమ్మ ఏడో గ్లాసు చేతిలో పెట్టింది. చిక్కటి డికాషన్, నిండుగా! పెదనాన్న మొహం గంటు పెట్టుకుని వసారాలో కూర్చున్నారు. కార్డు అందుకోలేదు. "ముందు ప్రార్థన," అన్నారు.

ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. ఇదే సందు! పక్కనే మేకకి పెట్టిన కుడితి బకెట్టు. గ్లాసు అందులో వంపేశాను. మేక తల దూర్చి జుర్రేసింది. దేవుడు చూస్తాడని తెలుసండీ, కానీ పెద్దమ్మ చూడట్లేదు కదా!

పెదనాన్న ప్రార్థనంటే ఆదాము దగ్గర మొదలై మా తాతగారి దాకా రావాలి. అరగంటయింది. "ఆమెన్" అనేసరికి నాకు చెమటలు కారిపోతున్నాయి, చేతులు గజగజా వణుకుతున్నాయి. అటు మేక తాడు తెంపుకునేటట్టు ఎగిరెగిరి గెంతుతోంది.

పెదనాన్న నన్ను ఎగాదిగా చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు!

"ఏమేవ్, చూశావా? తప్పు తెలుసుకుని వీడెలా వణికిపోతున్నాడో! మూగజీవం కూడా సంతోషం పట్టలేకపోతోంది!" అంటూ నన్ను కావలించుకున్నారు.

నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆరేళ్ళ తర్వాత ఆ చెయ్యి వీపు మీద పడేసరికి నాకూ ఏడుపొచ్చేసింది. అది మాత్రం కాఫీ ఏడుపు కాదు. నిజం మింగేసి కార్డు మళ్ళీ చాపాను.

కార్డు తీసుకున్నారు. చెల్లిని తనే చర్చిలోకి తీసుకొస్తానన్నారు. మేక కూడా సాయంత్రానికి సర్దుకుని గడ్డి మేసింది. హమ్మయ్య అనుకుని బండెక్కుతుంటే వెనక నుంచి కేకేశారు.

"ఒరేయ్, పెళ్ళిలో దేవుడు చేసిన ఈ మేలు గురించి నేను సాక్ష్యం చెప్తున్నా! పశ్చాత్తాపం అంటే ఎలా ఉంటుందో సంఘం మొత్తం చూడాలి. నువ్వు నా పక్కనే నిలబడు. దేవుడు నిన్ను మళ్ళీ ఇలాగే వణికిస్తాడు!"

పెళ్ళి పొద్దున పదింటికండీ. ఆరు గ్లాసులు పట్టించాలంటే ఎన్నింటికి మొదలెట్టమంటారు?