జూన్‌లోకి జరిపిన దొంగతనం

శిరీష ఆ రోజు ఓడిపోవడానికి కారణం నేను. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

2024 జులైలో నేను వికారాబాద్‌లో ఒక న్యాయ కళాశాలలో క్రిమినల్ లా చెప్పే సీనియర్ అధ్యాపకుణ్ణి. ఆ తర్వాత గొంతు పాడై యాభై రెండేళ్లకే ఉద్యోగం మానుకున్నాను. నా గొంతు పోయినందుకు విద్యార్థులు పెద్దగా బాధపడ్డట్టు కనిపించలేదు.

ఆ జులై ఒకటో తేదీన దేశంలో నేరాల చట్టం మారింది. బ్రిటిష్ వాళ్ల నాటి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఐపీసీ సెక్షన్లు నాకు దగ్గరి చుట్టాల్లాంటివి. హత్య 302, దొంగతనం 379, మోసం 420. కొత్త సంహితలో వాళ్లంతా ఇళ్లు మారారు. హత్య 103కు వెళ్లిపోయింది. అలవాటుకొద్దీ 302 తెరిస్తే, మాటలతో మతభావాలను గాయపరిచే నేరం కనిపించింది. అది చదువుతుంటే నా మనోభావాలు కూడా కొంత గాయపడ్డాయి.

రెండు చట్టాలనూ విద్యార్థులు చదవక తప్పదు. నేరం ఏ రోజు జరిగితే ఆనాటి చట్టమే వర్తిస్తుంది మరి. జూన్ ముప్పైన దొంగిలించినవాడికి ఐపీసీ, మర్నాడు దొంగిలించినవాడికి సంహిత.

ఆగస్టులో చివరి ఏడాది వాళ్లకు మూట్ కోర్టు పెట్టాం. అంటే, కల్పించిన కేసు మీద విద్యార్థులు రెండు పక్షాలుగా నిలబడి వాదించడం. కేసు రాసింది నేనే, జడ్జినీ నేనే. తాండూరు మార్కెట్లో ఒకడు ఐదు వేల లోపు ఖరీదు చేసే కందిపప్పు సంచి ఎత్తుకుపోయాడు. దొరికాక తిరిగి ఇచ్చేశాడు. అదే అతని మొదటి తప్పు. తేదీ జులై నాలుగు. పోలీసుల తరఫున వాదించేది సందీప్, ముద్దాయి తరఫున శిరీష.

చూడటానికి తాండూరు నుంచి సీనియర్ వకీలు విశ్వనాథం గారిని పిలిచాం. వ్యాపారుల ఇంట్లో పుట్టిన మనిషి, ఎవరినైనా చూపుతోనే తూకం వేస్తారు. గెలిచినవాళ్లను డిగ్రీ కాగానే జూనియర్‌గా తీసుకుంటానన్నారు. శిరీషది బషీరాబాద్ దగ్గర గొర్లు కాసే కుటుంబం. వాళ్లింట్లో ఆమెకు ముందు నల్లకోటు వేసినవాళ్లు లేరు. పరిచయాలు లేని కొత్త వకీలుకు ఒక సీనియర్ ఆఫీసు దొరక్కపోతే కేసులు రావు. ఆ జూనియర్ కుర్చీ ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు.

ముందు రోజు ఆమె నా గదికి వచ్చింది. "సార్, కొత్త చట్టంల ఇసొంటి చిన్న దొంగతనానికి జైలు లేదు, సమాజ సేవ అని ఉన్నది. రేపు గదే అడుగుత. మీరు గూడ జర కష్టం ప్రశ్నలే అడుగుండ్రి," అంది.

నేను గంభీరంగా తలూపాను. ఆమె వెళ్లాక తలుపు వేసి పుస్తకం తీశాను. నిజమే, దొంగతనం కొత్త నంబరు 303లో ఉంది. నా చదువు ఇంకా అక్కడిదాకా రాలేదు. మర్నాడు విశ్వనాథం గారి ఎదుట ఆమెను ప్రశ్నించాల్సిన వాణ్ణి నేను. నా దగ్గర కష్టమైన ప్రశ్న సరే, సులువైనది కూడా లేదు.

పొద్దున్నే వెళ్లి కేసులో తేదీని జూన్ ఇరవై ఎనిమిదికి మార్చి, 'సవరణ' అని పైన రాసి నోటీసు బోర్డుకు అతికించాను. దొంగతనం జూన్‌లోకి జరిగేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. హాస్టల్లో ఉండే సందీప్ దాన్ని చూశాడు. బషీరాబాద్ నుంచి ఆటోలో తాండూరుకు, అక్కణ్ణుంచి రైల్లో వచ్చే శిరీష పరుగున హాల్లోకే వస్తుందని నాకు తెలుసు.

ముద్దాయి వేషం వేసిన కుర్రాడు, "నేను ఎత్తుకపోలే సారూ, సంచే నా ఎంబడి వచ్చింది," అని అందరినీ నవ్వించాడు. శిరీష లేచి 303 అనగానే ఆపాను. నేరం జూన్‌ది కదమ్మా, అన్నాను.

"గట్లెట్ల సార్? నా కాయితంల జులై నాలుగున్నది."

"బోర్డు చూసుకోవద్దా? చట్టం నీ రైలు కోసం ఆగుతదా?" అన్నాను. హాలంతా గొల్లుమంది.

ఆమె కాగితాలు పక్కన పెట్టేసింది. "మంచిది సార్. శిక్ష తగ్గించే మార్పు వచ్చినప్పుడు దాని మేలు పాత ముద్దాయికి గూడ ఇయ్యాలె. గది అడుగుతున్న," అంది. అది కోర్టులో నిలబడగల వాదన. ఏటా నేను పాఠంగా చెప్పేదే. వినడానికి ఒప్పుకుంటే మళ్లీ 303లోకే వెళ్లాలి. టైమైందని బల్ల కొట్టాను.

కుర్చీ సందీప్‌కు దక్కింది. "పిల్ల హుషారే గని, కాయితం సూడకుండ వచ్చింది," అన్నారు విశ్వనాథం గారు. నేను కాదనలేదు.

డిగ్రీ అయ్యాక శిరీష వికారాబాద్ కోర్టులో చాలా నెలలు ఎవరి దగ్గరా చోటు లేకుండా తిరిగింది. తీరికలేని వకీళ్లు పంపితే వాళ్ల బదులు లేచి వాయిదా అడిగేది. చివరికి ఒక చిన్న ఆఫీసులో చేరింది. ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. 'ఈ సెక్షన్ నేనింకా చదవలేదు, నువ్వు చెప్పు' అని విద్యార్థితో అనడం అధ్యాపకుడి పనిలో భాగం. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట నేను ఒక్కసారీ అనలేదు.

ఉద్యోగం మానుకున్నాక శిరీషను తాండూరుకు రమ్మని, విశ్వనాథం గారి ఆఫీసులో కూర్చుని ఆనాటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందికి తూచారు.

"అరే, కేసుల దొంగ ఒకడే అనుకున్న, జడ్జి గూడనా! గిప్పుడు నా దగ్గర ఇంకో కుర్చీకి జాగ లేదు సార్. ఏం జేద్దాం చెప్పుండ్రి?"

శిరీష నవ్వింది. "నాకు గా దినమే తెల్సు సార్. ఇంటికి పోయేటప్పుడు బోర్డు చూసిన. వానకాలం గద, గమ్ము తడి గూడ ఇంక ఆరలే. గా పొద్దుగాల్నే అతికించిన్రని సమజైంది."

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"జడ్జి మీద ఫిర్యాదు ఆ జడ్జికే ఎట్ల ఇస్త సార్?"

పక్క బల్ల దగ్గర సందీప్ తల దించుకుని ఫైలు తిప్పుతున్నాడు. వాడి తప్పేమీ లేదని కూడా చెప్పాల్సింది నేనే. లేచి నిలబడి, తేదీ మార్చింది నేనని, ఆమె రెండు వాదనలూ సరైనవని, చదవని తప్పు నాదైతే శిక్ష ఆమెకు పడిందని ముగ్గురికీ వినబడేలా చెప్పాను. పాడైన గొంతుతో కాస్త సమయం పట్టింది. తర్వాత ఆమె వైపు తిరిగి, "నన్ను క్షమించు శిరీషా," అన్నాను.