ఖాళీగా ఉండాల్సిన ఫ్లాట్

కంప్యూటర్ కోర్సులకొచ్చే పిల్లలతో అమీర్‌పేటలో అడుగు తీసి అడుగు వేసే సందు లేని రోజులవి. ఫ్లాట్లు కొనేవాళ్లు కొంటుంటే, వాయిదాలు కట్టలేక పోగొట్టుకునేవాళ్లూ ఉండేవారు. అలా బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఫ్లాట్ల బాగోగులు చూసే కంపెనీ ఒకటి బేగంపేటలో ఉండేది. వాటిని శుభ్రం చేసే కాంట్రాక్టు నాది. పేరుకే కాంట్రాక్టర్‌ని. చీపురూ నాదే, చెయ్యీ నాదే.

ఆ కంపెనీ చాదస్తం అంతా ఇంతా కాదు. మన బ్యాగు ఫ్లాట్‌లో ఉండకూడదు. పని అయ్యాక సూపర్‌వైజర్ తీసే ఫోటోల్లో మనిషి నీడ కూడా పడకూడదు. పడితే పని చెయ్యనట్టే లెక్క. అందుకని అతను కెమెరా ఎత్తగానే నేను పక్కకు తప్పుకునేదాన్ని.

మైత్రీవనం వెనక సందులో ఒక ఐదో అంతస్తు ఫ్లాట్. ఆ సాయంత్రం అలాగే తప్పుకుంటూ తప్పుకుంటూ వంటగది వెనక బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను. అతను ఫోన్లో ఎవరిమీదో విసుక్కుంటూ ఫోటోలు తీశాడు. కాసేపటికి వీధి తలుపు ధడాలున మూసుకుంది. నేను పరుగెత్తుకొచ్చేసరికి బయట తాళం పడింది, లిఫ్ట్ కిందికి దిగిపోతోంది.

మొదట అతన్ని తిట్టాను. తర్వాత భయం మొదలైంది. కరెంటు, నీళ్లు కంపెనీ ఎప్పుడో ఆపించింది. మళ్లీ ఎవరైనా వచ్చేది నెల తర్వాతే. ఆ అంతస్తులో మిగతా ఫ్లాట్లకూ తాళాలే. నా ఫోను, బ్యాగు కింద వాచ్‌మన్ గదిలో ఉన్నాయి. ఒంటరిదాన్ని, రాలేదేమని వెతికేవాళ్లూ లేరు. గ్రిల్ పట్టుకుని అరిస్తే ట్రాఫిక్ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. బకెట్‌లో మిగిలిన ఫినాయిల్ నీళ్లు చూసి ఏడుపొచ్చింది.

చీకటి పడుతుండగా మెట్లమీద అడుగుల చప్పుడైంది. బ్యాగు కోసం నేనింకా రాలేదని వాచ్‌మన్ దాన్ని పట్టుకుని పైకి వచ్చాడు. రెండు చేతులతో తలుపు బాదాను. అతను హడలిపోయి సూపర్‌వైజర్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు.

"ఫోటోలు నా ముంగటనే ఉన్నయ్. ఒక్కదాంట్ల సుత మనిషి లేదు. ఆమె ఎప్పుడో పోయింటది. తాళం ముట్టకు" అన్నాడు సూపర్‌వైజర్.

ఫోన్ పెట్టేశాక అతని అడుగులు తలుపు దగ్గర్నించి వెనక్కి జరిగాయి. వెళ్లిపోతున్నాడేమోనని మళ్లీ తలుపు బాదాను.

"అమ్మా, లోపల ఎవ్వరు లేరంటుండు సారు" అన్నాడు చివరికి. "నిజంగ మనిషివేనా?"

"దయ్యాన్నైతే పులిహోర కట్టుకుని పనికొస్తానా అన్నా? బ్యాగు తెరిచి చూడు. డబ్బాలో సగం అలాగే ఉంటుంది."

జిప్పు లాగిన చప్పుడు. డబ్బా మూత చప్పుడు. ఆపైన మెట్లమీద పరుగు. సాయానికి వెళ్తున్నాడో, పారిపోతున్నాడో తెలియలేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

గునపంతో వచ్చాడు. నాలుగు దెబ్బలకు తాళం ఊడింది, తలుపు తెరుచుకుంది. అతను నా ముఖం వంక చూడలేదు. నా పాదాలు ముందుకే ఉన్నాయా, వెనక్కి తిరిగి ఉన్నాయా అని చూశాడు.

నేనూ చూసుకున్నాను.