ఎర్రగుడ్డ మీద పాములు

ఖతర్‌లో ఆయిల్ డబ్బు పొంగుతున్న రోజులవి. అల్ రువైస్‌లో ఒక అరబ్బు ఇంటికి, అక్కడి డ్రైవర్ మల్లేశ్ నన్ను తీసుకెళ్ళాడు. వాకిట్లో ముసలాయన ఎర్రగుడ్డ పరిచి, రెండు చిన్న పెంపుడు కొండచిలువలను ఎండలో పెట్టుకుని చూస్తున్నాడు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

“రెండూ ఒక్కలాగే ఉన్నాయే!” అన్నాను. మల్లేశ్ అది అరబ్బీలో చెప్పాడు. ముసలాయన నవ్వి, ఒకదాని పసుపు మచ్చల అంచున సన్నటి మీగడ రంగు చూపించాడు.

“ఈ గుడ్డెందుకు?” అని మల్లేశ్‌నడిగాను.

“ఒకప్పుడు గీ గుడ్డ మీదనే వన్నె చూసి ముత్యాలు ఏరేటోడన్నా. ఆ బేరం పోయినంక ఊకె గోడ దిక్కు చూసుకుంట కూసుండెటోడు. గందుకే మనుమడు, రంగుల రవ్వంత తేడా ఉన్న పాములే ఎతికి తెస్తడు.”

అంతలో మనుమడు ఇంకో పామున్న బుట్ట తెచ్చాడు. ముసలాయన గుడ్డ ముడతలు సరిచేసి, తన నీడ పడకుండా పక్కకు జరిగాడు.