జూలైలో టవర్లకు దిక్కెవరు

సినిక్క యుంతునెన్‌కు తోటి ఉద్యోగుల మీద అసహ్యం ఒక్కరోజులో పుట్టింది కాదు. ముప్ఫై నాలుగేళ్లు ఒకే ఫోన్ కంపెనీలో, మంచు దేశపు ఔలు ఊరిలో ఒకే మేడ మూడో అంతస్తులో, అదే కాఫీ గదిలో, ఆ మొహాలే చూస్తూ కూర్చుంటే మెల్లిమెల్లిగా పేరుకున్నది. వాళ్లు చెడ్డవాళ్లయితే కోపం వచ్చి పోయేది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకుని మరీ లోపలికొస్తారు, ఎవరి కప్పు వాళ్లే కడుక్కుంటారు, ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనరు. ఆ మంచితనమే ఆమెకు గిట్టేది కాదు.

ఇరవై నాలుగేళ్ల వయసులో కొలత బండి తోలడానికి చేరింది సినిక్క. నెత్తిన నాలుగు యాంటెన్నాలు మోసే వ్యాను అది. ఏ మలుపులో సిగ్నల్ ఎంతుందో రాసుకుంటూ ఉత్తరాది దారులన్నీ తిరిగేది. రెయిన్‌డీర్లు రోడ్డుకడ్డంగా నిలబడితే హారన్ కొట్టకుండా ఇంజను ఆపి, వాటికి బుద్ధి పుట్టేదాకా కాఫీ తాగుతూ కూర్చునేది. ఆ రోజుల్లో టవర్ మీద యాంటెన్నాను రెండు డిగ్రీలు వంచాలన్నా పక్క టవర్ చూసుకునే మనిషికి ముందు ఫోన్ చెయ్యాలి. "నాది కిందికి దించుతున్నా, నీ వైపు ఎలా ఉందో చూసి చెప్పు" అనాలి. అవతలివాడు చూసి చెప్పేదాకా ఈవిడ చెయ్యి కదపదు. నెట్‌వర్క్ అంతా ఆ పలకరింపుల మీదే నిలబడి ఉండేది.

తర్వాత ఆ పనులు ప్రోగ్రాముల చేతికి వెళ్లాయి. మొత్తం నాలుగు. దారిన పోయే ఫోన్‌ను ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు అప్పగించేది ఒకటి. రద్దీగా ఉన్న టవర్ నుంచి జనాన్ని పక్క టవర్‌కు తోలేది ఒకటి. యాంటెన్నాలను పైకీ కిందికీ వంచేది ఒకటి. పనిలేని టవర్‌ను నిద్రపుచ్చి కరెంటు మిగిల్చేది ఒకటి. దేనికదే తెలివైనది. చూసి, నేర్చుకుని, తనంతట తానే సర్దుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో జట్టు, ఒక్కో జట్టుకు పనితీరు కొలిచే ఒక్కో అంకె. ఆ అంకె పెరిగితే వసంతంలో మెప్పు. పక్క ప్రోగ్రాం ఏం చేస్తోందో చూసే పని మాత్రం ఎవరిదీ కాదు. ఎవరికి వారే యమునా తీరే.

దాని ఫలితం ఏప్రిల్‌లో హౌకి సరస్సు దగ్గర బయటపడింది. సరస్సు చుట్టూ మూడు టవర్లు, నలభై గడపలు, నొక్కితే ఫోన్ మీద సాయం పిలిచే ఆపద బొత్తాం చేతికి కట్టుకుని ఒంటరిగా బతికే ముసలివాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఒకావిడ హిల్య కెరానెన్, ఎనభై నాలుగేళ్లది, కట్టెల కొట్టంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. బొత్తాం నొక్కింది. నలభై నిమిషాలు నొక్కుతూనే ఉంది. అవతల ఎవరూ పలకలేదు.

కంపెనీ విచారించింది. నాలుగు ప్రోగ్రాముల నాలుగు నివేదికలూ అంతా సవ్యమే అన్నాయి. సినిక్క వారం రోజులు చిట్టాలు తవ్వి చూసింది. రద్దీ ప్రోగ్రాం తూర్పు టవర్ మీది ఫోన్లన్నిటినీ పడమటి టవర్‌కు తోలింది. తూర్పు టవర్ ఖాళీగా కనబడగానే నిద్ర ప్రోగ్రాం దాన్ని నిద్రపుచ్చింది. ఇప్పుడు పడమటిది కిటకిటలాడుతోందని వంపు ప్రోగ్రాం దాని యాంటెన్నాను కిందికి వంచేసింది. అప్పగింత ప్రోగ్రాం మిగిలిన ఫోన్లను మూడో టవర్‌కు పంపుతూ, వెనక్కి తెచ్చుకుంటూ కాలక్షేపం చేసింది. హిల్య కొట్టం మీద మాత్రం ఏ టవర్ నీడా పడలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకున్నారు గనక ఎవరి వాటాలోనూ తప్పు కనబడలేదు.

దీనికి మందు సినిక్క దగ్గర ఆరేళ్లుగా ఉంది. సమన్వయకర్త అని తనే పేరు పెట్టి రాసుకున్న ప్రోగ్రాం. నాలుగింటిలో ఏది ఏ టవర్‌ను ముట్టుకోవాలన్నా ముందు దీన్ని అడగాలి. ఒకటి ముట్టుకుంటే, ఫలితం తేలేదాకా మిగతా మూడూ ఆగాలి. పాత రోజుల ఫోన్ పలకరింపే, యంత్రానికి నేర్పింది, అంతే. ఆరేళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. హిల్య చెయ్యి విరిగాక భయపడి ఆన్ చేశారు. మే, జూన్ నెలల్లో హౌకి దగ్గర ఒక్క నిమిషం కూడా సిగ్నల్ పోలేదు. కానీ వరసలో ఆగాల్సి వచ్చేసరికి నాలుగు జట్ల అంకెలూ కాస్త దిగాయి. కాఫీ గదిలో దానికి పెత్తందారు అని పేరు పడింది.

జూన్‌లో, నడివేసవి పండుగకు ముందు రోజు గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటకు సమావేశం పెట్టారు. అప్పటికే అందరి కార్లలోనూ సామాన్లు సర్ది ఉన్నాయి. మర్నాటి నుంచి జూలై చివరిదాకా ఆ మేడలో మనిషన్నవాడు ఉండడు. అందరూ సరస్సుల ఒడ్డున తమ తమ వేసవి గుడిసెలకు పోతారు. ఎజెండాలో నాలుగో అంశం ఇదీ: జూలైలో సమన్వయకర్తను చూసుకునే మనిషి ఉండడు గనక వేసవికి దాన్ని ఆపేద్దాం.

సినిక్కకు ఒళ్లు మండింది. చూసుకోవడానికి ఎవరూ ఉండరు గనకే కదా అది కావలసింది. పైగా జనమంతా సరస్సుల దగ్గరికి చేరేదీ జూలైలోనే, ఫోన్లన్నీ అడవుల్లోకి వెళ్లేదీ అప్పుడే. వసంతంలో ఖాళీ టవర్లను చూసి నేర్చుకున్న నాలుగు ప్రోగ్రాములు జూలై మొదటి వారంలో పిచ్చెక్కినట్టు గెంతుతాయి. ఇదంతా ఆమె లేచి నిలబడి ఐదు నిమిషాలు చెప్పింది. ఆ గదిలో ఐదు నిమిషాలు ఏకబిగిన మాట్లాడినవాళ్లు అంతకుముందు లేరు. హిల్య పేరు కూడా చెప్పింది.

సమావేశానికి అధ్యక్షుడైన ఆర్తో హాపకోస్కి ఊరి వేటగాళ్ల సంఘానికి కూడా అధ్యక్షుడు. రెండు చోట్లా అదే చిన్న చెక్క సుత్తి, అవే నియమాలు. అంశం చదువుతాడు, మూడు క్షణాలు ఆగుతాడు, ఎవరూ మాట్లాడకపోతే సుత్తి కొడతాడు. మౌనం అర్ధాంగీకారం కాదు అక్కడ, పూర్తి అంగీకారమే. ఎదురు ప్రతిపాదన పెట్టాలంటే పెట్టవచ్చు, కానీ ఇంకొకరు మద్దతు అనాలి. అనకపోతే అది ఓటు దాకా కూడా రాదు.

"సినిక్క ఎదురు ప్రతిపాదన పెట్టింది. మద్దతు ఎవరైనా?" అన్నాడు ఆర్తో.

సినిక్క నిద్ర జట్టు పెద్ద ఎస్కో మొయిలానెన్ వైపు చూసింది. ఎస్కో ఆ ఉదయమే కాఫీ యంత్రం దగ్గర ఆమె భుజం పక్కకొచ్చి, "నువ్వన్నదే నిజం, అందరికీ తెలుసు" అన్నాడు. ఇప్పుడతను కిటికీలోంచి పార్కింగ్‌లో ఉన్న తన పడవ ట్రైలర్‌ను చూస్తున్నాడు. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో ఒక్కడు నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట. నలుగురితో నారాయణ అనుకునే ఆ పెదవులను చూస్తుంటే ఆమెకు తుపుక్కున ఉమ్మాలనిపించింది.

"మద్దతు లేక వీగిపోయింది" అని సుత్తి కొట్టాడు ఆర్తో. తర్వాత అందరికీ మంచి వేసవి కోరుకున్నాడు.

సినిక్క తన బల్ల దగ్గరికి పోయి పాత నియమావళి తీసింది. కొలత బండి టవర్ల మధ్య పనిలో ఉన్నంతసేపు ఆ టవర్లను ఏ ప్రోగ్రామూ ముట్టుకోరాదు, లేకపోతే కొలతలు చెడతాయి. ఇరవై ఏళ్ల కిందట ఆ నియమం రాసింది తనే. బండి తాళం పుచ్చుకుంది, చిట్టాలో హౌకి సరస్సు, మూడు టవర్లు, జూలై ముప్ఫై ఒకటి వరకు అని రాసింది. తన నాలుగు వారాల సెలవూ అందులోకే పోయింది.

హిల్య పెరట్లో, కట్టెల కొట్టం పక్కన, బండి నెలకు పైగా ఉంది. సినిక్క పగలంతా దాంట్లో కూర్చుని నిజంగానే కొలిచేది. అబద్ధపు చిట్టా రాయడం ఆమె వల్ల కాదు. మధ్యాహ్నం హిల్య కొత్త బంగాళాదుంపలు సోయకూర వేసి ఉడికించి, సరస్సు చేపలు రై ధాన్యపు పిండిలో దొర్లించి వేయించి పిలిచేది. పిలవడంతో పాటు ఓ చురక కూడా వేసేది.

"మీ ఆఫీసులో అంతమంది ఉన్నారు గదా. నా చేతి బొత్తాం ఒక్కటి పలకడానికి నువ్వొచ్చి నా పెరట్లో కాపరం పెట్టాలా?"

"వాళ్లంతా సెలవులో ఉన్నారు హిల్యా."

"మరి నువ్వో?"

"నేనూ సెలవులోనే ఉన్నా."

హిల్య ఇంకో చేప ఆమె పళ్లెంలో వేసింది. "పాపం, పెళ్లీ పెటాకులూ లేని మనిషివనుకున్నా. బుద్ధి కూడా లేదన్నమాట" అంది.

జూలై పంతొమ్మిదో తారీఖున సరస్సు అవతలి ఒడ్డున ఒక ముసలాయన పడవ రేవు మీద జారిపడ్డాడు. బొత్తాం నొక్కాడు, పలికింది, ముప్పావు గంటలో అంబులెన్స్ వచ్చింది. నీళ్లకు అవతల దాని మోత వినబడుతుంటే సినిక్క బండి దిగి నిలబడింది. ఆ క్షణాన ఆమెకు పెద్ద సంతోషమేం కలగలేదు. ఎస్కో ఎక్కడో గాలం వేసుకుని కూర్చుని ఉంటాడని గుర్తొచ్చి మళ్లీ అసహ్యం వేసింది.

ఆగస్టులో అందరూ ఎండకు కమిలిన మొహాలతో తిరిగొచ్చారు. మొదటి సమావేశంలో ఆర్తో తెర మీద పటం చూపించాడు. ఉత్తర ప్రాంతమంతా ఎర్ర చుక్కలు, తెగిన ఫోన్లు. ఒక్క హౌకి చుట్టూ మాత్రం పచ్చగా, చుక్కన్నది లేకుండా ఉంది. రద్దీ జట్టు అది తమ కొత్త అమరిక ఫలితమంది. వంపు జట్టు తమదంది. అప్పగింత జట్టు వినయంగా ఆ ఘనతలో కొంత తమకూ ఉందంది. ఎస్కో, టవర్లు చాలినంత నిద్రపోయి తాజాగా పనిచేశాయన్నాడు. నవ్వాడు కూడా. తర్వాత ఆర్తో అంశం చదివాడు: హౌకి లాంటి చోటే పెత్తందారు లేకుండా ఇంత బాగా నడిచింది గనక దాన్ని శాశ్వతంగా తీసేద్దాం.

తను చేసిన కాపలాయే తన ఆరేళ్ల పనికి ఉరి బిగించిందని సినిక్కకు అప్పుడు తెలిసింది. ఆమె కొలతల చిట్టా ముందుకు తోసింది.

"ఆ మూడు టవర్లనూ నెలకు పైగా మీ నాలుగు ప్రోగ్రాములూ ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు నేను. పక్కనే కొలత బండి పెట్టుకుని కూర్చున్నా. మీరు ముట్టుకోనిదే మీకు పచ్చగా కనబడుతోంది" అంది.

చిట్టా చేతులు మారింది. ఎవరూ సిగ్గుపడలేదు. చివరికి ఎస్కో దాన్ని మూసి, సమస్య తీరిపోయిన మనిషిలా వెనక్కి వాలాడు.

"అయితే ఇంకేం. వచ్చే జూలైకి కూడా బండి సినిక్క పేర రాద్దాం. పద్ధతి పనిచేస్తోందిగా."

"మద్దతు" అంది రద్దీ జట్టు. "మద్దతు" అంది వంపు జట్టు. జూన్‌లో ఒక్కటి దొరకని మాట ఇప్పుడు బల్ల చుట్టూ పరిగెత్తింది. ఆర్తో సుత్తి ఎత్తాడు.

"వచ్చే జూలైలో నేను సెలవు" అంది సినిక్క.

సుత్తి గాల్లోనే ఆగింది. మనుషుల ప్రాణాల మాట చెబితే కిటికీలోంచి చూసినవాళ్లు, సెలవు అనగానే తలలూపారు. దానికి ఎదురు చెప్పేవాడు ఆ దేశంలో లేడు. అయితే బండిలో ఎవరు కూర్చుంటారని ఆర్తో అడిగాడు. మూడు క్షణాలు ఆగాడు, పది క్షణాలు ఆగాడు. ఆ మౌనాన్ని అంగీకారం అనుకోవడం ఆయనకూ చేతకాలేదు. అందరూ తమ తమ జూలైలు పోతాయేమోనని వణుకుతున్నారు.

"పోనీ, ఆ పెత్తందారునే ఉండనిద్దాం" అన్నాడు ఎస్కో. "ఎవరి సెలవూ పోదు."

ఎనిమిది మందీ మద్దతు అన్నారు. సుత్తి పడింది. సమన్వయకర్త ఏడాది పొడవునా నడవాలని, ఏకగ్రీవంగా, తీర్మానం రాశారు. అందులో హిల్య పేరు గానీ, పదకొండు బొత్తాల మాట గానీ లేదు. ఆరేళ్లుగా కోరుకున్నది చేతికొచ్చింది. దాన్ని పుచ్చుకున్నందుకు సినిక్కకు చెయ్యి కడుక్కోవాలనిపించింది.