హాపాలో పెట్టిన బ్రౌజర్

మా అక్కయ్య భర్తకు కలిదిండి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నాకు వట్లూరు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉంది. అంటే దాని తాళాలు ఉన్నాయి. ఆయన నీళ్ళ రంగు చూసి చెరువు సంగతి చెప్పేస్తారు. నేను తెర మీద రాసి ఉన్నది చదివి కూడా కంప్యూటర్ సంగతి చెప్పలేను. చుట్టాలందరికీ ఈ తేడా తెలుసు.

ఒక ఆదివారం బావగారు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. చెరువుకు తెగులు రాకముందే చెప్పే సాఫ్ట్‌వేరట, బ్రౌజర్‌లో పెట్టుకోవాలట, ఎవరో వాట్సాప్‌లో లింకు పంపారట. పెట్టేయమన్నారు. ఆయన పాస్‌వర్డులన్నీ ఆ బ్రౌజర్‌లోనే దాచి ఉన్నాయి. ఏడేళ్ళుగా పూటపూటా ఎక్కించిన నీటి పరీక్షల పట్టికలు వాటి వెనకే ఉన్నాయి. వేరే కాపీ లేదు. ఏ నెలలో నీరు ఎలా పాడవుతుందో వాటిని చూసే చెబుతారాయన.

ముందు నా దాంట్లో చూద్దామని, నా కంప్యూటర్ లోపలే మరో ఉత్తుత్తి కంప్యూటర్ తెరిచాను, శాండ్‌బాక్స్ అంటారు దాన్ని. అందులో ఖాళీ బ్రౌజర్. అక్కడ ఏం జరిగినా నా కంప్యూటర్‌కు అంటదు. మూసేస్తే అంతా మాయం. రెండు ఉత్తుత్తి పాస్‌వర్డులు పెట్టి సాఫ్ట్‌వేర్‌ని వదిలాను. చెరువు బొమ్మ, పచ్చ దీపాలు వచ్చాయి. వంటింట్లోంచి పులుసు వాసన కూడా వచ్చింది. ఐదు నిమిషాల్లోనే, బాగుందండీ, పెట్టేద్దాం అన్నాను.

బావగారు కదల్లేదు. "ఇది మా హాపా లాంటిదేనా?"

కొత్త రొయ్య పిల్లల్ని చెరువులో వదిలే ముందు, కొన్నిటిని చిన్న వలతొట్టిలో పెట్టి అదే నీటిలో ఉంచి చూస్తారు. అలాంటిదేనన్నాను.

"అయితే ఐదు నిమిషాలేంటయ్యా? వదిలిన గంటకి అన్నీ బాగానే ఈదుతాయి. రేపు పొద్దున లెక్కపెట్టాలి."

ఆయన పులుసన్నం తిని మా ఇంట్లోనే పడుకున్నారు.

పొద్దున చూస్తే బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయి ఉంది. బయటికి వెళ్ళినవాటి చిట్టా తీశాను. ఎక్కడిదో తెలియని చిరునామాకు నా ఉత్తుత్తి పాస్‌వర్డులు రెండూ చేరిపోయాయి.

"ఎన్ని బతికాయి?" అన్నారు బావగారు.

"ఒక్కటీ లేదండీ."

"మూసెయ్."

మూసేశాను. ఆయన పట్టికలకు కాపీ తీసి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాను. జేబులో వేసుకుని పైనుంచి రెండుసార్లు తట్టుకున్నారు.

ఇప్పుడు ల్యాబులో ఈ పాఠం నా సొంతంలాగే చెబుతున్నాను. హాపా అంటే ఏమిటని ఎవరూ అడగరు, సగం మంది చెరువుల ఇళ్ళ నుంచే వస్తారు. శాండ్‌బాక్స్ అంటే ఏమిటనే అడుగుతారు.