చూరు చెక్క కింద తాతయ్య

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే చాలు మా అమ్మ నవ్వుతుంది, నిన్నగాక మొన్న పుట్టావు, నీకు చిన్నప్పుడేమిటే అని. ఏం చెయ్యను, మా అపార్ట్‌మెంట్ సొసైటీలో పిల్లలందరికీ ఆంటీనైపోయాను. ఆ హోదాతోనే చెబుతున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం ఢిల్లీలో ఒక ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఒకే కప్పు కింద రెండిళ్ళు. ఒకటి మాది, రెండోది పంజాబీ అంకుల్ వాళ్ళది. ముందు వరండా ఇద్దరికీ ఒకటే, మధ్యలో గోడ లేదు. దాని మీది రేకుల కప్పు బాగా కిందికి వాలి ఉండేది. ఆ రేకుల అంచున, వాసాల కొసలు కనబడకుండా, మా మూల నుంచి వాళ్ళ మూల దాకా పొడవాటి చూరు చెక్క ఒకటి అడ్డంగా కొట్టి ఉండేది.

ఏటా దీపావళికి నాన్న ఆ చెక్కకి ఆకుపచ్చ రంగు వేసేవాడు, సరిగ్గా సగం దాకా. అక్కణ్ణుంచి అంకుల్ నీలం రంగు వేసేవాడు. రంగు లోపల చెక్క ఎలా ఉందో ఇద్దరికీ పట్టలేదు. ఒక ఎండాకాలం అది నడిమికి వంగి, తుప్పు మేకులు బయటపెట్టి వేలాడింది. దాని కిందే నేనూ అంకుల్ వాళ్ళమ్మాయీ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్ళం. కాలనీ మొత్తంలో నున్నటి గచ్చు అక్కడే ఉంది మరి! నెత్తిన పడుతుందే అని అమ్మ అరిచేది, ఆంటీ అరిచేది. మేం లోపలికి పోయినట్టే పోయి మళ్ళీ వచ్చేవాళ్ళం.

వడ్రంగి మిస్త్రీని పిలిస్తే ఒక పూట పని. కానీ ఎవరు పిలవాలి? ఎవరు పిలిస్తే వాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టేనట. పండగ పండగకీ మామిడాకుల తోరణానికి మా నాన్న కొత్త మేకు కొడతాడు, ఆ బెజ్జాల్లోకి నీళ్ళు దిగడం వల్లే చెక్క పుచ్చిందని అంకుల్ వాదన. వాళ్ళ కూలర్ రోజంతా చిమ్మే తడికే నానిపోయిందని నాన్న వాదన. ఇద్దరూ ఆఫీసులో సంతకాలు పెట్టే మనుషులు, అంత తేలిగ్గా దిగుతారా? మాటలు మానేశారు. అమ్మా ఆంటీ మాత్రం పులిహోరా, రాజ్మా గిన్నెలు అటూ ఇటూ మార్చుకుంటూనే ఉన్నారు. మొగుళ్ళ పౌరుషం వాళ్ళ వంటింటి దాకా రాలేదు.

అలాంటి సమయంలో మా తాతయ్య, అంటే నాన్న వాళ్ళ నాన్న, తెనాలి నుంచి వచ్చాడు. హిందీలో ఆయనకి వచ్చింది ఒక్క మాట, ఠీక్ హై. దాంతోనే పాలవాడితోనూ కూరలవాడితోనూ నెట్టుకొచ్చేవాడు. రెండు రోజులు ఈ భాగోతం చూశాడు. మూడో రోజు సాయంత్రం కుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా ఆ వంగిన చోటు కింద, మేం గీసుకున్న గళ్ళ మీద వేసుకుని పేపరు విప్పాడు.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, అక్కడొద్దు! అది పడిపోయేలా ఉంది."

"పడితే ఎవరి చెక్క కిందికొస్తుందిరా? నీదా, ఆయనదా?"

"అదే కదా తేలాలి!"

"తేల్చుకోండి. తేలేదాకా నేనిక్కడే ఉంటా."

అంకుల్ కూడా వచ్చాడు. "బాబూజీ, ఉఠియే! సిర్ పే గిర్ జాయేగా!" అంటూ చెక్కనీ, తాతయ్య బట్టతలనీ మార్చి మార్చి చూపించాడు.

"ఠీక్ హై" అన్నాడు తాతయ్య, పేజీ తిప్పుతూ.

ఇక రోజూ ఇదే తంతు. మేం బడి నుంచి వచ్చే వేళకి ఆయన అక్కడ హాజరు. ఈ పెద్దాయన నా పరువు తీస్తున్నాడని నాన్న, నాకే బుద్ధి చెబుతున్నాడని అంకుల్, చెరో కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళు. మిస్త్రీని మాత్రం పిలవరు! ఆడుకునే చోటు పోయి మా పిల్లలిద్దరికైతే ఒళ్ళు మండిపోయింది. లెమ్మని నేను చెయ్యి పట్టి గుంజాను, ఏడ్చాను. విననట్టే పేపరు చదువుకున్నాడు. చివరికి ఆయనతో కట్టీ, ఇక మాట్లాడను అని చెప్పేశాను.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం పసుపురంగుకి తిరిగింది. ఢిల్లీలో ఆంధీ అంటారే, ఆ దుమ్ముగాలి విరుచుకుపడింది. తాతయ్య కుర్చీలోంచి కదల్లేదు. పైన మేకులు కిర్రుమన్నాయి. ఈ తలుపులోంచి నాన్న, ఆ తలుపులోంచి అంకుల్ ఒక్క దూకు దూకారు. ఊడివస్తున్న చెక్కని ఇద్దరూ భుజం భుజం ఆనించి నాలుగు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. కొసలు రెండూ ఇంకా గట్టిగానే ఉన్నాయి కాబట్టి కిందికి దించడానికి లేదు. వదిలితే రేకులతో సహా మీదికొస్తుంది. ఒకరు తప్పుకుంటే బరువంతా రెండోవాడి మీద పడుతుంది.

తాతయ్య లేచాడు. పైకి చూశాడు, కొడుకుని చూశాడు, అంకుల్ని చూశాడు. "ఠీక్ హై" అని పేపరు మడిచి, గాలి కాస్త నెమ్మదించాక చెప్పులేసుకుని మిస్త్రీ కోసం మార్కెట్టుకి బయల్దేరాడు. ఎంత నింపాదిగా నడిచాడో! దారిలో చినుకులు మొదలైతే ఎక్కడో ఆగాడు కూడా.

ఇక్కడ వీళ్ళిద్దరూ తడుస్తూ నిలబడ్డారు. అమ్మా ఆంటీ టీ తెచ్చారు గానీ పట్టుకోవడానికి చేతులేవీ? ఇద్దరూ ఎవరి మొగుడికి వాళ్ళు చంటిపిల్లలకి పట్టినట్టు పట్టారు. వేడి టీ మూతి కాల్చేసరికి నాన్న కెవ్వుమన్నాడు, అంకుల్ ఫక్కుమన్నాడు, ఆ నవ్వుకి చెక్క ఊగింది. "హిలాఇయే మత్ భాయిసాబ్!" అని అంకుల్, "మీరే కదిపారు!" అని నాన్న. వాళ్ళ చేతుల్లో నీలం వైపూ ఆకుపచ్చ వైపూ ఒకేలా పొడి పొడిగా రాలుతోంది. అది ఇద్దరూ చూశారు. తోరణం మాట ఆయనా ఎత్తలేదు, కూలర్ మాట ఈయనా ఎత్తలేదు.

మర్నాటికి కొత్త చెక్క వచ్చేసింది. రంగు ఇద్దరూ కలిసే వేశారు. ఆ సాయంత్రం కట్టీ మరిచిపోయి తాతయ్య పక్కన చేరాను. అది నెత్తిన పడుతుందని నీకు భయం వెయ్యలేదా అని అడిగాను.

"వెయ్యకేం తల్లీ? కూర్చున్నంతసేపూ గుండె దడదడలాడేది."

"మరి లేవచ్చుగా!"

"లేస్తే ఆ చోట్లో మీరిద్దరూ దూరేవాళ్ళు. చెబితే వినే రకాలా మీరు?"

నాన్నకీ అంకుల్‌కీ బుద్ధి చెప్పడానికే కూర్చున్నాడని కాలనీ అంతా అనుకుంది. మా చోటు లాక్కున్నాడని నేను ఏడ్చాను. ఆ మాట విన్నాక ఆయన ఒళ్ళో తలపెట్టి చాలాసేపు పడుకున్నాను.

ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో మా టవర్ గుమ్మం పైన ఏ రాయో ఊడి వేలాడితే, అది బిల్డర్ బాధ్యతా, సొసైటీ బాధ్యతా అని గ్రూపులో పెద్దమనుషులు రోజుల తరబడి మెసేజీలు పెట్టుకుంటారు. నేను జవాబివ్వను. కిందికి దిగి దాని కింద నిలబడతాను. "మేడమ్, హటియే!" అని గార్డు గగ్గోలు పెడతాడు, ఎవరెవరో పరిగెత్తుకొస్తారు, సాయంత్రానికి నిచ్చెన వస్తుంది. ఆవిడకి కాస్త తిక్క అని అనుకుంటారట, అనుకోనీ. నిజం చెప్పాలంటే నిలబడ్డ ప్రతిసారీ నాకూ భయమే. పిల్లలు ఆడుకునేది అక్కడే, అందుకే కదలను.